సిమెంటు ఫ్యాక్టరీ కర్బన లెక్కను చట్టప్రకారం అడగడం ఎలా: రాయలసీమ పౌరులకు సమగ్ర మార్గదర్శి

కడప జిల్లాలో ఎర్రగుంట్ల, చిలమకూరు, జమ్మలమడుగు, అనంతపురం జిల్లాలో తాడిపత్రి, నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల, గడివేముల అంటూ సున్నపురాయి పొర ఎటు సాగితే సిమెంటు బట్టీలు అటు వెలిశాయి. వాటి నడుమనే, ఎర్రగుంట్లకు దగ్గరలో కలమల్ల వద్ద 1650 మెగావాట్ల రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం ఉంది. ఈ పొగగొట్టాల నుంచి ఏటా ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది, దానికి చట్టం గీసిన హద్దు ఏమిటి, హద్దు దాటితే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలకు సామాన్యుడు కూడా కాగితం మీద జవాబు రాబట్టగల వీలు 2025 తర్వాతే, అదీ సిమెంటు వంటి కొన్ని రంగాలకే, కలిగింది. ఆ జవాబు రాబట్టే పద్ధతిని వరుసగా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. పంచాయతీ సభ్యులు, రైతు సంఘాల వారు, విలేకరులు, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన న్యాయవాదులు దీన్ని వాడుకోవచ్చు.

మన దేశంలో వాతావరణ మార్పు కోసమే చేసిన సమగ్ర చట్టం లేదు. వేరు వేరు అవసరాలకు పుట్టిన చట్టాలనే ఈ పనికి వాడుకుంటున్నారు. వాటిలో ముఖ్యమైనవి 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం, 2001 నాటి ఇంధన పొదుపు చట్టం, 2003 నాటి విద్యుత్ చట్టం, ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నాటి నోటిఫికేషన్. ఒక్కొక్క చట్టానికి ఒక్కొక్క కార్యాలయం, ఒక్కొక్క కాగితం, ఒక్కొక్క గడువు ఉన్నాయి. ఏ ప్రశ్న ఏ కార్యాలయానిదో తెలియకుండా వెళ్లిన అర్జీ బల్లలు మారుతూ తిరగడమే తప్ప ముందుకు సాగదు. అందుకే కింది వరుసను చాలావరకు ఇదే క్రమంలో పాటించడం మంచిది.

1. దుమ్మును, కర్బనాన్ని వేరు చేయండి

ఫ్యాక్టరీ చుట్టుపక్కల పల్లెల్లో అసలు బాధ దుమ్ముది. పత్తి ఆకుల మీద, ఇంటి మిద్దెల మీద పేరుకునే ధూళి, క్వారీ పేలుళ్లకు గోడలు చీలడం, బోర్లు ఎండిపోవడం కంటికి కనిపించే కష్టాలు. కార్బన్ డయాక్సైడ్ కంటికి కనిపించదు, బట్టీ నుంచి వచ్చేది ఊపిరికి అడ్డం పడదు, ఎర్రగుంట్లలో వెలువడినా దాని ఫలితం భూగోళమంతటికీ పంచుకుంటుంది. ఈ తేడా చట్టంలోనూ ఉంది. గాలి నాణ్యతకు 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల్లో సన్నని ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, సీసం వంటి 12 కాలుష్యాలు ఉన్నాయి కానీ కార్బన్ డయాక్సైడ్ లేదు. కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ అధికారి "ఇది మా ప్రమాణాల జాబితాలో లేదు" అంటే ఆయన తప్పించుకుంటున్నాడని అనుకోనక్కరలేదు, ఆ మాట నిజమే.

దుమ్ము, పేలుళ్లు, భూగర్భ జలం మీద ఒక అర్జీని 1981 నాటి వాయు కాలుష్య చట్టం, ఫ్యాక్టరీకి ఇచ్చిన సీఎఫ్‌ఓ (ఫ్యాక్టరీ నడపడానికి కాలుష్య మండలి ఇచ్చే అనుమతి) షరతుల ఆధారంగా రాయాలి. కర్బన ఉద్గారాల మీద వేరే అర్జీని వేరే కార్యాలయానికి పంపాలి. రెండూ కలిపి రాస్తే, అధికారులు తమకు తేలికైన అంశానికి జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. ఇక్కడి నుంచి ఈ వ్యాసం కర్బనానికే పరిమితం. అయితే మీ ఊరి తక్షణ సమస్య దుమ్మే అయితే ముందు ఆ అర్జీ పెట్టండి, ఇది తర్వాత చూసుకోవచ్చు.

2. ఉద్గారం ఎక్కడ పుడుతుందో లెక్క కట్టడం నేర్చుకోండి

ఈ పనికి ఇంజనీరింగ్ పట్టా అక్కరలేదు, పదో తరగతి రసాయన శాస్త్రం చాలు. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు అది సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు ఇళ్లలో పరిచే నాపరాయి కూడా సున్నపురాయి జాతిదే. ఇల్లు కట్టేవాడు దాన్ని నేల మీద పరిస్తే అందులోని కర్బనం రాతిలోనే ఉంటుంది, బట్టీకి వెళ్తేనే బయటికి వస్తుంది.

సున్నపురాయి బట్టీలో కాలి తయారయ్యే, సిమెంటుకు మూలమైన గడ్డలను క్లింకర్ అంటారు. ఒక టన్ను క్లింకర్ తయారు కావడానికి రాయి నుంచే సుమారు 0.52 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బట్టీని వేడి చేయడానికి కాల్చే బొగ్గు లేదా పెట్రోలియం కోక్ నుంచి ఇంకో 0.3 టన్నుల వరకు వస్తుంది. రెండూ కలిపితే టన్ను క్లింకర్‌కు 0.8 టన్నుల పైమాట. ఇక మరలకు, బాల్ మిల్లులకు వాడే విద్యుత్తు సిమెంటు టన్నుకు 70 నుంచి 80 యూనిట్లు అనుకుంటే, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే గ్రిడ్ గుణకం, అంటే ఒక యూనిట్ కరెంటుకు పడే ఉద్గారం, సుమారు 0.7 కిలోలు కాబట్టి, అది సుమారు 50 నుంచి 56 కిలోలకు మించదు. కరెంటు కన్నా, బొగ్గు కన్నా పెద్ద వాటా రాయిదే అన్న విషయాన్ని గుర్తు పెట్టుకోవాలి. "మేము సోలార్ పెట్టాం" అని ఫ్యాక్టరీ చెప్పినప్పుడు ఆ మాట విలువ ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది.

రాయి నుంచి వచ్చే ఉద్గారాన్ని సోలార్ పలకలు తగ్గించలేవు. దాన్ని తగ్గించడానికి అందుబాటులో ఉన్న ప్రధాన మార్గం సిమెంటులో క్లింకర్ పాలు తగ్గించడం. భారతీయ ప్రమాణాల ప్రకారం పీపీసీ అనే మిశ్రమ సిమెంటులో 15 నుంచి 35 శాతం వరకు ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలపవచ్చు, స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం వరకు స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే మడ్డి) కలపవచ్చు. పై లెక్క ప్రకారం 95 శాతం క్లింకర్ ఉన్న ఓపీసీ అనే మామూలు సిమెంటు టన్నుకు సుమారు 0.84 టన్నుల ఉద్గారం పడితే, 65 శాతం క్లింకర్ ఉన్న పీపీసీ టన్నుకు 0.6 కన్నా కొంచెం తక్కువే పడుతుంది. ఇవి చేతిలెక్కలు, ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ మారతాయి. కానీ ఎవరైనా వాస్తవానికి చాలా దూరంగా ఉన్న అంకె చూపిస్తే పట్టుకోవడానికి ఇవి సరిపోతాయి.

3. గెజిట్‌లో మీ ఫ్యాక్టరీ వరుసను వెతకండి

మొత్తం ప్రక్రియకు ఇదే మూలం కాబట్టి ఇక్కడ ఓపిక పట్టాలి. ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించి కేంద్రానికి కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం పెట్టే అధికారం ఇచ్చారు. ఆ పథకం 2023 జూన్‌లో వెలువడింది. దాన్ని నడిపేది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అందరూ పిలిచే పేరు బీఈఈ. క్రెడిట్ల ఖాతాలు రాసేది గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా, కొనుగోలు అమ్మకాలను నియంత్రించేది కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి. అంతకు ముందు 2012 నుంచి నడిచిన పాట్ పథకం ఇంధన వాడకాన్ని మాత్రమే కొలిచేది. కొత్త పథకం నేరుగా ఉద్గారాన్ని కొలుస్తుంది, అంటే రాయి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా లెక్కలోకి వచ్చింది. సిమెంటు పరిశ్రమకు ఇది చిన్న మార్పు కాదు.

ఎవరు ఎంత తగ్గించాలో చెప్పే నిబంధనలను మాత్రం పర్యావరణ మంత్రిత్వ శాఖ పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2025 అక్టోబరు 8న ప్రకటించింది. అల్యూమినియం, సిమెంటు, క్లోర్ ఆల్కలీ, కాగితం రంగాలలోని 282 సంస్థలు ఆ పట్టికలో ఉండగా, వాటిలో 186 సిమెంటువే. లక్ష్యాలు ఒక చట్టం కింద, వ్యాపారం ఇంకో చట్టం కింద రావడం చూడటానికి వింతగా ఉన్నా, ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి వస్తే ఈ తేడా చాలా అక్కరకు వస్తుంది. ఆ సంగతి ఎనిమిదో భాగంలో చెప్తాను.

కేంద్ర ప్రభుత్వ ఈ-గెజిట్ వెబ్‌సైటులో ఆ తేదీ నోటిఫికేషన్ తెరిచి, సిమెంటు రంగం పట్టికలో కంపెనీ పేరు, చిరునామా ఆధారంగా వెతకండి. మన ప్రాంతంలో ఫ్యాక్టరీలు చేతులు మారడం మామూలే కాబట్టి కొత్త పేరుతో దొరకకపోతే పాత పేరుతోనూ, మండలం పేరుతోనూ వెతకాలి. మీ ఫ్యాక్టరీ వరుసలో రిజిస్ట్రేషన్ నంబరు, 2023-24 నాటి ఉత్పత్తి, ఆ ఏడాది ఉద్గార తీవ్రత, 2025-26కూ 2026-27కూ చేరవలసిన తీవ్రత కనిపిస్తాయి. ఉద్గార తీవ్రత అంటే ఒక టన్ను సరుకుకు ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ అన్నది. ఆ నంబరునూ నాలుగు అంకెలనూ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి, ఇకపై ప్రతి అర్జీలోనూ ఇవే పనికొస్తాయి.

ఇది పని చేసే తీరును ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. ఒక ఫ్యాక్టరీ ఏటా 20 లక్షల టన్నుల సిమెంటు చేస్తూ, మొదట తీవ్రత 0.65 ఉండి, లక్ష్యం 0.63 అయిందనుకోండి. ఏడాది చివర అసలు తీవ్రత 0.64గా తేలితే, తేడా అయిన 0.01ని 20 లక్షలతో గుణించాలి. 20,000 టన్నుల లోటు పడినట్టు. ఒక టన్నుకు ఒక క్రెడిట్ చొప్పున 20,000 క్రెడిట్లను ఆ ఫ్యాక్టరీ కొని అప్పగించాలి. లక్ష్యం కన్నా బాగా చేస్తే అన్ని క్రెడిట్లు దానికే వస్తాయి, అమ్ముకోవచ్చు లేదా తర్వాతి ఏడాదికి దాచుకోవచ్చు. కొనకుండా ఊరుకుంటే, ఆ ఏడాది వ్యాపారంలో పలికిన సగటు ధరకు రెట్టింపు చొప్పున పర్యావరణ పరిహారం పడుతుంది. దాన్ని విధించేది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, చెల్లించడానికి గడువు 90 రోజులు.

అదే ఫ్యాక్టరీ బట్టీని విస్తరించి ఉత్పత్తిని 30 లక్షల టన్నులకు పెంచి, తీవ్రతను సరిగ్గా 0.63కు తెచ్చిందనుకోండి. అది చట్టాన్ని పూర్తిగా పాటించినట్టే. కానీ మొత్తం ఉద్గారం 13 లక్షల టన్నుల నుంచి 18.9 లక్షల టన్నులకు పెరిగింది. మన పథకంలో మొత్తానికి పరిమితి లేదు, టన్ను సరుకుకు మాత్రమే ఉంది. ప్యారిస్ వాతావరణ ఒప్పందం కింద కేంద్ర ప్రభుత్వం ప్రపంచానికి ఇచ్చిన మాట కూడా ఈ తీరులోనే ఉంది: 2022 ఆగస్టులో సవరించిన లక్ష్యం ప్రకారం 2030 నాటికి తగ్గవలసింది దేశపు మొత్తం ఉద్గారాలు కావు, 2005తో పోల్చి జీడీపీలో రూపాయికి పడే ఉద్గారం, అదీ 45 శాతం. ఎదగవలసిన దేశానికి ఇది న్యాయమేనన్న వాదన ఉంది, అందులో బలమూ ఉంది. కానీ విస్తరణ ప్రజాభిప్రాయ సేకరణలో "మా తీవ్రత తగ్గుతోంది" అన్న మాట వినిపించినప్పుడు, మొత్తం ఎంత పెరుగుతోందని అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. తీవ్రత అన్న కొలత నాకు అంత రుచించదు, అయినా ఫ్యాక్టరీ వారీగా ప్రభుత్వం అచ్చువేసిన కర్బన అంకె మన చేతికి వచ్చింది దీనివల్లనే.

4. బహిరంగంగా దొరికే కాగితాలు ముందు సేకరించండి

అర్జీ పెట్టకుండానే దొరికేవి కొన్ని ఉన్నాయి. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అర్ధ సంవత్సర నివేదిక ఇవ్వాలి. అనుమతి పత్రం, చాలావరకు ఈ నివేదికలు కేంద్ర మంత్రిత్వ శాఖ పరివేష్ పోర్టల్‌లోనో కంపెనీ వెబ్‌సైటులోనో ఉంటాయి. కాలుష్య మండలికి ఏటా సెప్టెంబరు 30లోగా ఇవ్వవలసిన పర్యావరణ ప్రకటన, అంటే ఫారం 5లో, ముడిసరుకు, నీరు, ఇంధనం వాడకం టన్ను ఉత్పత్తికి ఎంతో రాస్తారు. పైన చెప్పిన చేతిలెక్కకు ముడిసరుకు అదే.

కంపెనీ స్టాక్ మార్కెట్‌లో నమోదై, మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలలో ఉంటే, సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి వార్షిక నివేదికతో పాటు బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. అందులో నేరుగా వెలువడిన ఉద్గారాలు, కొన్న విద్యుత్తు ద్వారా పడే ఉద్గారాలు విడివిడిగా ఉంటాయి. అయితే అది కంపెనీ మొత్తానికి కట్టిన లెక్క. నాలుగు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలున్న కంపెనీ అంకెను చిలమకూరు లెక్కగా చెప్పడం పొరపాటు, అవతలి న్యాయవాది దాన్ని మొదటి నిమిషంలోనే పట్టుకుంటాడు.

5. మిగిలినది సమాచార హక్కు ద్వారా అడగండి

ప్రైవేటు ఫ్యాక్టరీకి సమాచార హక్కు చట్టం వర్తించదని చాలామంది ఆగిపోతారు. చట్టంలో సమాచారం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి. ఏదైనా చట్టం కింద ప్రభుత్వ సంస్థ ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగలిగిన సమాచారం కూడా అందులోకి వస్తుంది. కాబట్టి ఫ్యాక్టరీని కాదు, ఫ్యాక్టరీ నుంచి నివేదిక తీసుకునే కార్యాలయాన్ని అడగాలి.

ఉద్గార నివేదిక కావాలంటే బీఈఈని, పరిహారం ఉత్తర్వు కావాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిని కేంద్ర సమాచార హక్కు పోర్టల్ ద్వారా 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. ఫారం 5, సీఎఫ్‌ఓ షరతులు కావాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పౌర సమాచార అధికారికి రాయాలి, మన జిల్లాలు ఆ మండలి కర్నూలు జోనల్ కార్యాలయం పరిధిలో ఉన్నాయి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. తప్పు కార్యాలయానికి పంపినా, ఐదు రోజుల్లో సరైన కార్యాలయానికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే.

ప్రశ్న రాసే తీరు మీదనే ఫలితం ఆధారపడి ఉంటుంది. "ఎందుకు చర్య తీసుకోలేదు", "మీ అభిప్రాయం ఏమిటి" అని రాస్తే తిరస్కరణ ఖాయం, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులను, వివరణలను కాదు. ఇలా రాయండి:

"2025 అక్టోబరు 8 నాటి ఉద్గార తీవ్రత లక్ష్యాల నిబంధనల పట్టికలో ఫలానా రిజిస్ట్రేషన్ నంబరుతో ఉన్న సంస్థ 2025-26 సంవత్సరానికి సమర్పించిన ఉద్గార నివేదిక ప్రతి, దానికి జతచేసిన ధ్రువీకరణ సంస్థ నివేదిక ప్రతి ఇవ్వగలరు. ఆ సంవత్సరానికి ఆ సంస్థకు జారీ అయిన లేదా అది అప్పగించవలసిన కార్బన్ క్రెడిట్ సర్టిఫికెట్ల సంఖ్య తెలిపే రికార్డు ప్రతి ఇవ్వగలరు."

జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. మూడో పక్షానికి, అంటే ఫ్యాక్టరీకి, నోటీసు ఇవ్వవలసి వస్తే అది 40 రోజుల వరకు సాగుతుంది. వాణిజ్య రహస్యం అనే సాకు ఎదురవడానికి ఎక్కువ అవకాశం ఉంది. దానికి రెండు జవాబులు ముందే సిద్ధం చేసుకోండి. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వాణిజ్య రహస్యాన్ని కూడా వెల్లడించవచ్చని ఆ సాకుకు ఆధారమైన సెక్షనే చెప్తుంది. రహస్యమైన భాగం ఏదైనా ఉంటే దాన్ని తొలగించి మిగతాది ఇవ్వాలని పదో సెక్షన్ చెప్తుంది. ఇంధనం ఏ ధరకు కొన్నారన్నది రహస్యం కావచ్చు, లక్ష్యం గెజిట్‌లోనే అచ్చయ్యాక ఆ లక్ష్యానికి చేరారా లేదా అన్నది రహస్యం ఎలా అవుతుందని అప్పీలులో సూటిగా రాయండి. మొదటి అప్పీలుకు గడువు 30 రోజులు.

6. విస్తరణ అంటే ప్రజాభిప్రాయ సేకరణకు సిద్ధం కండి

ఏటా 10 లక్షల టన్నులు, అంతకు మించిన సామర్థ్యం గల సిమెంటు ఫ్యాక్టరీ 2006 నోటిఫికేషన్ ప్రకారం 'ఏ' (A) అనే వర్గంలోకి వస్తుంది, దానికి అనుమతి కేంద్రం ఇస్తుంది. విడిగా పెట్టే గ్రైండింగ్ (క్లింకర్ నూరే) యూనిట్లు 'బీ' (B) వర్గం, వాటిని చూసేది రాష్ట్ర స్థాయి సంస్థ. బట్టీ ఒక చోట, గ్రైండింగ్ ఇంకో చోట పెట్టినప్పుడు కర్బనం దాదాపు అంతా బట్టీ ఉన్న ఊరి లెక్కలోకి వస్తుందని మరచిపోకండి.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా ప్రభావ నివేదికను, దాని సారాంశాన్ని కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల జనం చూడటానికి ఉంచాలి, సారాంశం తెలుగులోనూ ఉండాలి. అధ్యక్షత వహించేది కలెక్టరు లేదా అదనపు జిల్లా మెజిస్ట్రేటుకు తగ్గని హోదా గల అధికారి. కోరం అనేది లేదు, పది మంది వచ్చినా సభ చెల్లుతుంది. సభ చివర మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలి. మీ ప్రశ్న అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పాలి, మర్నాడు చెప్తే ప్రయోజనం లేదు.

ఈ సభల్లో మాట్లాడే వారిలో ఎక్కువ మంది ఉద్యోగాల గురించి, దుమ్ము గురించి అడుగుతారు, అది సహజమే. కర్బనం గురించి మాట్లాడటం కన్నా లిఖితపూర్వకంగా ఇవ్వడం మేలు. సభకు రాలేని వారు కూడా కాలుష్య మండలికి రాసి పంపవచ్చు, ఆ కాగితాన్ని తుది నివేదికలో ప్రస్తావించి జవాబు చెప్పవలసిన బాధ్యత కంపెనీ మీద ఉంటుంది. విస్తరణ తర్వాత మొత్తం ఉద్గారం ఏటా ఎన్ని టన్నులు అవుతుంది, క్లింకర్ శాతం ఎంత, బట్టీ నుంచి వృథాగా పోయే వేడితో విద్యుత్తు తీసే యంత్రాంగం పెడుతున్నారా, సొంత విద్యుత్ కేంద్రంలో బొగ్గు వాడకం తగ్గుతుందా పెరుగుతుందా అని అడగండి. ఇవన్నీ అంకెలతో జవాబు చెప్పవలసిన ప్రశ్నలు. "చెట్లు నాటుతాం" అన్నది వీటిలో దేనికీ జవాబు కాదు. సంతృప్తికరమైన అంకె వస్తే, దాన్ని అనుమతి పత్రంలో షరతుగా చేర్చమని అదే కాగితంలో కోరండి, ఎందుకంటే షరతుగా మారని హామీని తర్వాత ఎవరూ అమలు చేయించలేరు.

7. కరెంటు, బూడిద: వేరే దారులు

కార్బన్ క్రెడిట్ల పథకంలో లక్ష్యాలు అందుకున్న రంగాలలో తాప విద్యుత్తు లేదు. కాబట్టి కలమల్ల కేంద్రం మీద మూడో భాగంలోని పద్ధతి పని చేయదు. విద్యుత్ రంగాన్ని మళ్లించేది పునరుత్పాదక విద్యుత్ కొనుగోలు బాధ్యత. విద్యుత్ పంపిణీ సంస్థలు, సొంత విద్యుత్ కేంద్రాలున్న పెద్ద వినియోగదారులు తమ వాడకంలో ఇంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి తీసుకోవాలని ఇంధన పొదుపు చట్టం కింద 2023 అక్టోబరులో వెలువడిన ఉత్తర్వు 2024-25కు 29.91 శాతంతో మొదలై 2029-30కి 43.33 శాతానికి చేరాలని నిర్దేశించింది. సొంత బొగ్గు విద్యుత్ కేంద్రం నడిపే సిమెంటు ఫ్యాక్టరీ కూడా దీని కిందికి వస్తుంది, ఈ సంగతి చాలామంది గమనించరు. ఓర్వకల్లు మండలంలోని 1000 మెగావాట్ల సోలార్ పార్కు పక్కనే ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ బాధ్యత తీరదు, ఆ విద్యుత్తు కొన్నట్టు లెక్క చూపాలి.

రాష్ట్రంలో టారిఫ్, కొనుగోలు ఒప్పందాలను చూసేది ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి. దాని కార్యాలయం ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. పంపిణీ సంస్థలు ఏటా నవంబరు చివర వేసే ఆదాయ అవసరాల నివేదికపై ఎవరైనా లిఖితపూర్వక అభ్యంతరం పంపి, విచారణలో మాట్లాడవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవలసిన అవసరం లేదు. మనకు వర్తించేది దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నివేదిక. కొనుగోలు బాధ్యత ఎంత తీరింది, తీరకపోతే ఆ భారం ఎవరి మీద వేస్తున్నారు అన్న రెండు ప్రశ్నలు చాలు.

బూడిద సంగతి క్లుప్తంగా చెప్తాను. 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం తాప విద్యుత్ కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి పంపాలి, లేకపోతే టన్నుకు 1000 రూపాయల పరిహారం పడుతుంది. కలమల్ల బూడిద ఎర్రగుంట్ల సిమెంటులో కలిసినప్పుడు క్లింకర్ తగ్గి సిమెంటు తీవ్రత తగ్గుతుంది, కానీ ఆ బూడిద పుట్టడానికి కాల్చిన బొగ్గు ఉద్గారం సిమెంటు ఖాతాలోకి రాదు. ఫ్యాక్టరీ గేటు లోపల జరిగిన దానికి, కొన్న కరెంటుకు మాత్రమే లెక్క.

8. ట్రిబ్యునల్‌కు ఎప్పుడు వెళ్లాలి

మన రాష్ట్రానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది. ఆ ట్రిబ్యునల్ 2010 చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చిన చట్టాల కింద పుట్టిన వివాదాలనే విచారిస్తుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం అందులో ఉంది. ఇంధన పొదుపు చట్టం, విద్యుత్ చట్టం లేవు. మూడో భాగంలో చెప్పిన తేడాకు ఫలితం ఇదే: ఉద్గార తీవ్రత లక్ష్యం నిబంధనల ఉల్లంఘన ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తుందని వాదించడానికి చట్టంలో ఆధారం ఉంది, క్రెడిట్ల కొనుగోలు అమ్మకాల వివాదానికి లేదు. పిటిషన్‌ను నిబంధనల మీద నిలపాలి, పథకం మీద కాదు.

గడువుల విషయంలో కనికరం ఉండదు. పర్యావరణ అనుమతిని సవాలు చేసే అప్పీలు 30 రోజుల్లో వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు, అంతకు మించి ట్రిబ్యునల్‌కే అధికారం లేదు. ఇతర వివాదాలకు కారణం పుట్టిన నాటి నుంచి 6 నెలలు, దానిపై 60 రోజులు. నష్టపరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1000 రూపాయలు.

వాతావరణ మార్పు అనే విశాల వాదనతో వెళ్తే ఏం జరుగుతుందో రిధిమా పాండే కేసు చెప్తుంది. ఉత్తరాఖండ్‌కు చెందిన ఆ బాలిక 2017లో వేసిన పిటిషన్‌ను ట్రిబ్యునల్ 2019లో కొట్టివేసింది, వాతావరణ అంశాలు పర్యావరణ ప్రభావ అంచనాలో పరిశీలించరని అనుకోవడానికి కారణం లేదన్నది దాని మాట. అందుకే ఒక ఫ్యాక్టరీ, ఒక అనుమతి, ఒక షరతు, ఒక అంకె అన్నట్టుగా కేసును ఇరుకుగా కట్టుకోవడమే ప్రయోజనకరం. రాజ్యాంగ స్థాయిలో బలం కావాలంటే 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో ఇచ్చిన తీర్పు ఉంది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును 14, 21 అధికరణాలలో భాగంగా గుర్తించింది. ఆ కేసు పుట్టింది రాజస్థాన్, గుజరాత్‌లలో సోలార్, గాలిమరల తీగలకు తగిలి చనిపోతున్న బట్టమేక పక్షి కోసం, మన రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడిందీ ఆ పక్షి కోసమే. అయితే ఆ తీర్పులో కోర్టు పునరుత్పాదక విద్యుత్తు అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని, తీగలన్నీ భూగర్భంలో వేయాలన్న తన పాత ఆదేశాన్ని సడలించింది. హక్కును చెప్పే వాక్యాన్ని ఉటంకించేటప్పుడు ఈ నేపథ్యం తెలిసి ఉండాలి.

శిక్షల గురించి ఒక సూచన. పర్యావరణ పరిరక్షణ చట్టంలో జైలు శిక్ష ఉంటుందని ఇంకా కొన్ని అర్జీల్లో రాస్తున్నారు. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం దాన్ని చాలావరకు మార్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి 10,000 రూపాయల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాగా చేసింది. పాత శిక్షను ఉటంకించిన అర్జీని అధికారులు తేలిగ్గా తీసుకుంటారు.

9. రైతుల దగ్గరికి వచ్చే కార్బన్ ఒప్పందాలు

క్రెడిట్ల పథకంలో రెండో భాగం ఉంది. లక్ష్యం లేని వారు కూడా తమంతట తాము ఉద్గారం తగ్గించి క్రెడిట్లు పొందవచ్చు. దేశంలోని ఈ పథకంతో పాటు విదేశీ స్వచ్ఛంద మార్కెట్ కూడా ఉంది కాబట్టి, చెట్ల పెంపకం పేరుతో ఏజెంట్లు పల్లెలకు రావచ్చు. ఒప్పందం తెలుగులో ఉందా, ఎన్నేళ్లది, ఆ కాలంలో పొలం అమ్మితే లేక చెట్టు కొట్టితే ఎవరు నష్టం భరించాలి, క్రెడిట్ ఎవరి పేరున జారీ అవుతుంది, అమ్మిన ధరలో వాటా శాతంగా ఇస్తారా లేక ముందే ఒక మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటారా అన్నవి చదవాలి. ప్రాజెక్టు ఏ రిజిస్ట్రీలో ఏ నంబరుతో నమోదైందో చెప్పలేని ఏజెంటుకు పట్టాదారు పాస్‌పుస్తకం జిరాక్సు కూడా ఇవ్వవద్దు.